రక్షణకు తేదీ ఉండాలా? మా నాన్న నిద్రపోవడం లేదు

పోర్టుక్వార్టర్స్_చిన్నోడు
మా నాన్నకి డెబ్బై నాలుగేళ్లు. పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి దిగిన బస్తాలు లెక్కపెట్టడం, తేదీ వేసి సంతకం చెయ్యడం, సర్వీసంతా అదే పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. గ్యాస్ బండ మార్చిన రోజు వంటింటి గోడ మీద పెన్సిల్‌తో రాస్తారు. ట్యూబ్‌లైట్ పట్టీ మీద స్కెచ్‌పెన్నుతో తేదీ ఉంటుంది. దగ్గుమందు మూత తీసిన రోజు కూడా సీసా మీద చీటీ అంటిస్తారు.

పోయిన నెల మా పేటలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు పెట్టారు. రెండో రాత్రి బయటి ఊరి ప్రసంగీకుడు మైకులో అడిగాడు. "నువ్వు పుట్టిన తేదీ తెలుసు, నీ పెళ్లి తేదీ తెలుసు. తిరిగి పుట్టిన తేదీ తెలీదంటే నువ్వింకా పుట్టలేదన్నమాటే!" జనం ఆమేన్ అన్నారు. నాన్న అనలేదు.

ఆ రాత్రి నుంచి ఆయనకి సరిగా నిద్ర లేదు. రెండింటికి లేచి వరండాలో కూర్చుంటున్నారు. అటక మీద డైరీలన్నీ దింపించారు, 1978 నుంచి ఉన్నవి. ఎక్కడైనా రాసుకున్నానేమో అని ఒక్కో పేజీ తిప్పారు. స్కూటర్ కొన్న రోజు ఉంది, నా టాన్సిల్స్ ఆపరేషన్ ఉంది, అది లేదు. "నాకు తేదీ లేదురా" అంటున్నారు. పసితనంలో చిలకరింపు బాప్తిస్మం, పదహారేళ్లకి కన్ఫర్మేషన్, ఆ తర్వాత ముప్పై ఏళ్లు సంఘానికి కోశాధికారి. ఒక్క రూపాయి తేడా రాలేదు. ఇప్పుడు మళ్లీ నీళ్లలో మునిగి ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలా అని అడుగుతున్నారు. మనిషికి బీపీ, మోకాళ్ల నొప్పులు.

నిజంగా తేదీ కావాలా? తెలిసినవాళ్లు చెప్పండి. ప్రసంగాలు మాత్రం వద్దు, మూడు రాత్రులు విన్నాం.

నాలుగుసార్లు_రక్షణ
నాకు నాలుగు తేదీలున్నాయి. మీ నాన్నగారికి ఒకటి ఇచ్చేస్తాను.

2003 యూత్ క్యాంపు. 2006 ఇంటర్ తప్పినప్పుడు. 2009 మళ్లీ క్యాంపు, అక్కడ ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తిందని నేనూ ఎత్తాను. నాలుగోది హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12, ఆదివారం. కిటికీ అద్దాలు ఊడి హాల్లో పడుతుంటే బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, "ప్రభువా ఈ ఒక్కసారికి" అని ఏడ్చాను. మా వీధికి కరెంటు వచ్చేదాకా నికార్సయిన మారుమనస్సు. ఫ్యాన్ తిరిగిన మర్నాటి నుంచి మామూలే.

కంచరపాలెం_కుర్రోడు
2009లో చెయ్యెత్తిన అమ్మాయి ఇప్పుడెక్కడుంది?

నాలుగుసార్లు_రక్షణ
మా వంటింట్లో. ఫోన్ పక్కన పడేసి బీరకాయలు చెక్కు తియ్యమంటోంది.

ఇదిగో_నీళ్లు
జోకులు సరే. ఆ ప్రసంగీకుడు చెప్పిన తీరు మొరటుగా ఉంది, ఒప్పుకుంటాను. విషయం మాత్రం తప్పు కాదు. యోహాను 3లో ప్రభువు కొత్తగా జన్మించాలని ఎవరికి చెప్పాడు? తాగుబోతుకా, దొంగకా? నికోదేముకి. మత పెద్ద, ధర్మశాస్త్రం నోటికొచ్చినవాడు. సంఘంలో పుట్టడం, సంఘానికి లెక్కలు రాయడం రక్షణ కాదు బ్రదర్. బాధపెట్టాలని అనడం లేదు.

నేనూ మూడో తరం క్రైస్తవుణ్ణే. ఇరవై ఆరేళ్లొచ్చేదాకా క్రిస్మస్‌కి కొత్త చొక్కా, ఈస్టరుకి సమాధుల తోటలో కొవ్వొత్తి, అంతకుమించి ఏమీ లేదు. తర్వాత భీమిలిలో సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నాను. కెరటం కొట్టి పాస్టర్ గారి కళ్లజోడు కొట్టుకుపోయింది. ఆ రోజు మర్చిపోమన్నా మర్చిపోను. పసిపిల్ల నుదుటి మీద నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం ఎలా అవుతుంది? మార్కు 16:16 "నమ్మి బాప్తిస్మము పొందినవాడు" అంటోంది. నమ్మడం ముందు, నీళ్లు తర్వాత.

రాస్‌హిల్_మెట్లు
కళ్లజోడు దొరికిందా?

ఇదిగో_నీళ్లు
లేదు. చందాలేసి కొనిచ్చాం.

పేతురు_కోడి
తిరిగి పుట్టిన తేదీ అడిగేవాళ్లకి నాదో ప్రశ్న. పేతురు గారి తేదీ ఏది? వలలు వదిలేసిన రోజా? "నీవు క్రీస్తువు" అన్న రోజా? అన్న కాసేపటికే "సాతానా, నా వెనుకకు పొమ్ము" అనిపించుకున్నాడు. ప్రభువెవరో ఎరగనని బొంకి, కోడి కూసిన రాత్రా? పెంతెకొస్తా? పౌలుకంటే ప్రభువు ఎదురైన దమస్కు దారి ఉంది. ఆయన శిష్యుడు తిమోతికి ఏముంది? అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే, పసితనం నుంచి లేఖనాలు. ఆయన డైరీ తిరగేసినా ఏమీ దొరకదు.

గుంటూరు_అల్లుడు
మా అత్తారు లూథరన్లు. పెళ్లయ్యాక వాళ్ల మాటలు వినీ వినీ సగం నేనూ అటే అయిపోయాను. ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పండి. లూథరన్ల మూలపురుషుడు మార్టిన్ లూథర్ గారికి కూడా ఇలాంటి రాత్రులు ఉండేవి, అదీ ఒకటీ రెండూ కాదు. అప్పుడు ఆయన తనకు తాను చెప్పుకున్న మాట "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అని. ఆ బాప్తిస్మం ఎప్పటిది? పుట్టిన మర్నాటిది. ఆయనకేం జ్ఞాపకం ఉంటుంది? నేనేం అనుభవించాను అని లోపలికి చూసుకుంటే అడుగు కనపడని బావి. నాకేం ఇచ్చారు అని బయటికి చూడమన్నాడు. @ఇదిగో_నీళ్లు, పసిపిల్ల ఏమీ తేలేదు, ఏమీ చెప్పలేదు, ఒట్టిగా పుచ్చుకుంది. ఎఫెసీ 2:8లో "దేవుని వరమే" అన్నదానికి అంతకంటే మంచి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది?

తేదీ ఉన్నవాడే కావాలంటే మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీని చూడండి. 1738 మే 24, రాత్రి తొమ్మిదికి ఇంచుమించు పావుగంట తక్కువ. టైముతో సహా రాసుకున్నాడు, టాలీ క్లర్కుకి నచ్చే మనిషి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1739 జనవరిలో అదే జర్నల్‌లో, నేను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కానని రాసుకున్నాడు. అంత పక్కా తేదీ ఉన్నవాడికీ ఆ అనుమానం తప్పలేదు.

అగ్గి_ప్రార్థన
తేదీ ముఖ్యం కాదు, పరిశుద్ధాత్మ ముఖ్యం. ఎఫెసీ 1:14లో ఆత్మను "సంచకరువు" అన్నారు. సంచకరువు అంటే అడ్వాన్సు. అడ్వాన్సు చేతిలో పడ్డవాడికి పడిందని తెలీకుండా ఉంటుందా? లోపల సాక్ష్యం ఉంటుంది. అది లేకపోతే ఉపవాసముండి అడగాలి. వచ్చాక కాపాడుకోవాలి కూడా. హెబ్రీ 6 చదవండి, వెలిగించబడినవాళ్లే తప్పిపోయారని రాసి ఉంది.

కంచరపాలెం_కుర్రోడు
అడ్వాన్సు ఇచ్చాక కూడా రిజిస్ట్రేషన్ కాని ఫ్లాట్లు వైజాగ్‌లో ఎన్ని లేవు?

అగ్గి_ప్రార్థన
అడ్వాన్సు ఇచ్చింది బిల్డర్ కాదు తమ్ముడూ, దేవుడు.

పేతురు_కోడి
మరి ఇచ్చినవాడు దేవుడైతే తప్పిపోవడం ఎలా? ఒకే పోస్టులో రెండు వైపులా లాగుతున్నారు.

గుంటూరు_అల్లుడు
ఈ తగువు నాలుగు వందల ఏళ్ల నాటిది. ఒకసారి దొరికిన రక్షణ పోతుందా, పోదా, ఇంకో నాలుగు సంగతులతో కలిపి తేల్చడానికి నెదర్లాండ్స్‌లో డోర్ట్ అనే ఊళ్లో సంఘ పెద్దలు 1618 నవంబరులో కూర్చుంటే 1619 మే దాకా పట్టింది. అది కూడా ఒప్పుకున్నవాళ్లే ఒప్పుకున్నారు. వాళ్ల పేటలో మూడు రాత్రుల్లో తేల్చేశారు.

సీ_షిఫ్ట్
డ్యూటీ దిగి ఇప్పుడే మొత్తం చదివాను. తేదీ లేని పెద్దాయన గురించి మీరు ఇంత కొట్టుకుంటున్నారు. నా బాధ తేదీ ఉన్నవాళ్లతో.

మా సంఘంలో ఒకాయన ఉండేవాడు. సాక్ష్యం చెప్తే తేదీ, టైము, ఆ రోజు తొడుక్కున్న చొక్కా రంగు అన్నీ చెప్పేవాడు. నీలం చారల చొక్కా. ఏడాదికి రెండుసార్లు వినేవాళ్లం, మధ్యలో గొంతు పూడుకుపోయే చోటు కూడా మాకు కంఠస్థం. ఆయనే చీటీ నడిపేవాడు. నెలకి ఐదు వేల చొప్పున ఇరవై నెలల చీటీ. చెల్లెలి పెళ్లికని వేశాను. పద్దెనిమిది కట్టాను. పందొమ్మిదో నెల ఇంటికి తాళం. గేటు లోపల తులసికోట సైజు పూలకుండీ ఒకటి, అందులో మొక్క ఎండిపోయి ఉంది, అంటే వెళ్లి వారం దాటిందని అర్థమైంది. తొంభై వేలు. చెల్లెలి పెళ్లికి బంగారం తాకట్టు పెట్టాం.

ఈ మధ్య తెలిసింది, వేరే ఊళ్లో ఇంకో సంఘంలో మళ్లీ అదే సాక్ష్యం చెప్తున్నాడట. అదే చొక్కా అట.

ఇప్పుడు చెప్పండి. ఒకసారి రక్షణ దొరికితే పోదు అంటే ఆయనదీ పోలేదా? యాకోబు 2:19లో దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయి. ఆయన వణకడం నేనైతే చూడలేదు.

ఇదిగో_నీళ్లు
@సీ_షిఫ్ట్ మీ కష్టం వింటే బాధగా ఉంది. దీనికి మా జవాబు ఒక్కటే. అతను రక్షణ పోగొట్టుకోలేదు, అసలు పొందలేదు. 1 యోహాను 2:19, వాళ్లు మనలోనుంచి బయలువెళ్లారు గానీ మన సంబంధులు కారు.

సీ_షిఫ్ట్
పొందలేదని మీకెప్పుడు తెలిసింది? తాళం చూశాకే కదా. అంతకుముందు ఆయన తేదీకి మనమంతా ఆమేన్ అన్నాం. అంటే తేదీ చూసి మనిషిని చెప్పలేమన్నమాట. మరి ఆ పెద్దాయన్ని తేదీ ఎందుకడిగారు?

కంచరపాలెం_కుర్రోడు
👏 నీళ్లలో దిగినవాళ్లు ఎవరైనా జవాబు చెప్పండి

ఇదిగో_నీళ్లు
ఆలోచిస్తున్నాను. ప్రతిదానికీ అప్పటికప్పుడు జవాబు చెప్పాలని రూలేమీ లేదు కదా.

గ్రీకు_ట్యూషన్
సీ_షిఫ్ట్ గారి ప్రశ్న ఒక మాట దగ్గర తేలుతుందని నాకనిపిస్తుంది. కొత్త నిబంధనలో విశ్వాసం అన్నచోట గ్రీకులో ఉన్న మాట పిస్తిస్. దానికి నమ్మడం అని అర్థం, నమ్మదగినట్టు ఉండడం అని కూడా అర్థం. ఇంగ్లీషువాళ్లకి ఇది వివరించాలంటే రెండు పేజీలు కావాలి. మనకి అక్కర్లేదు. "తిన్న ఇంటికి విశ్వాసం", "కుక్కకున్న విశ్వాసం" అంటాం. కుక్క ఏ సిద్ధాంతం నమ్మింది? ఏ తేదీన నమ్మింది? గుమ్మం దగ్గర పడుకుంటుంది, అంతే. ఆ చీటీ ఆయనకి నమ్మకం ఉండి ఉండొచ్చు. విశ్వాసం లేదు. ముప్పై ఏళ్లు రూపాయి తేడా రాకుండా లెక్క రాసిన మనిషికి ఉన్నది తెలుగులో విశ్వాసమే, గ్రీకులో కూడా అదే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. తెలుగులో మొదట అచ్చయిన సువార్తల తర్జుమా జరిగింది మన ఊళ్లోనే. 1805లో క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు తర్జుమాలో చెయ్యి వేశాడు. 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ మిషనరీలు ఇద్దరూ బతికి లేరు.

గుంటూరు_అల్లుడు
@గ్రీకు_ట్యూషన్ జాగ్రత్త సార్. విశ్వాసం అంటే నమ్మకంగా మసలడమే అంటే మళ్లీ క్రియల దగ్గరికే వచ్చాం. కుక్క మంచిది కాబట్టి అన్నం పెడుతున్నారా, అన్నం పెట్టారు కాబట్టి కుక్క మంచిదైందా? నేను రెండోదంటాను.

గ్రీకు_ట్యూషన్
నేనూ రెండోదే అంటున్నాను. కాకపోతే అన్నం తిని కరిచే కుక్కని ఏమనాలో మీరు చెప్పలేదు.

రాస్‌హిల్_మెట్లు
మీ తగువు మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు, మేం కథోలికులం. మాకు రక్షణ ఒక రోజు జరిగిపోయిన ఫంక్షన్ కాదు. జ్ఞానస్నానంతో మొదలై చచ్చేదాకా నడిచే సంగతి. పడితే లేవడం, పాపసంకీర్తనం, మళ్లీ నడక. నాకు కృప దక్కిందని పొరపాటుకే తావు లేనంత నిశ్చయంగా ఎవరూ తెలుసుకోలేరని 1547లో మా కథోలిక సంఘం ట్రెంట్ మహాసభ రాసింది. ఇది విని మా పక్కింటి సిస్టర్ "అయ్యో, మీకు నిశ్చయత లేదా" అని జాలిపడింది. మా అమ్మమ్మ ఏటా డిసెంబరు 8న, మరియమాత పండగ రోజు, ఆమె గుడి ఉన్న కొండ రాస్‌హిల్ ఎక్కేది. మోకాళ్లు అరిగిపోయాక కూడా రెండేసి మెట్లకి ఒకసారి కూర్చుంటూ, జాకెట్లో పెట్టుకున్న మరమరాల పొట్లం విప్పి నాకు పెడుతూ, హార్బరులో ఓడలు లెక్కపెట్టిస్తూ ఎక్కేది. "మోక్షానికి పోతావా అమ్మమ్మా" అంటే "రమ్మంటాడనే అనుకుంటున్నానే" అనేది. ఆ గొంతులో భయం ఉండేది కాదు. బడాయీ ఉండేది కాదు.

ఇదిగో_నీళ్లు
కొండెక్కితే రక్షణ వస్తుందా సిస్టర్?

రాస్‌హిల్_మెట్లు
సముద్రంలో దిగితే వస్తుందా బ్రదర్?

నాలుగుసార్లు_రక్షణ
వైజాగ్‌లో కొండా ఉంది, సముద్రమూ ఉంది. మనకి లోటేమీ లేదు.

గుంటూరు_అల్లుడు
ఈ రెండు వైపులవాళ్లూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, కథోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా. మన మంచితనం చూసి కాదు, కృప వల్లే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ కృపే మనచేత మంచి పనులు చేయిస్తుందని. 2006లో మెథడిస్టులూ చేరారు. అన్నీ తేలలేదు, లూథరన్లలోనే ఒప్పుకోనివాళ్లున్నారు. కానీ ఒకర్నొకరు కాల్చుకున్న రోజుల నుంచి అక్కడిదాకా వచ్చారు. మన దగ్గర ఇంకా కళ్లజోడు దగ్గరే ఉన్నాం.

అడ్మిన్
ప్రసంగీకుల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. వచనం రాసేవాళ్లు దాని ముందూ వెనకా చదివి రాయండి.

వార్డు_రాత్రి
నేను నర్సుని. అన్నీ చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను.

మా అత్తయ్యకి మతిమరుపు జబ్బు. మొదట తాళాలు పోయాయి, తర్వాత మా ఆయన పేరు పోయింది, పోయిన ఏడాది ప్రభువు పేరు కూడా పోయింది. ప్రార్థన పెడితే "ఎవరితో మాట్లాడతన్నారు?" అని అడిగింది. యాభై ఏళ్లు ఆదివారం మానని మనిషి. ఒక ఆదివారం చర్చిలో ప్రభు రాత్రి భోజనం రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆమెకేమీ తెలీదు, తెలీకుండా తీసుకోవడం తప్పు అని ఒక పెద్దాయన వెనక నుంచి అన్నారు. అయ్యగారు ఏమీ మాట్లాడకుండా రొట్టె ఆమె చేతిలో పెట్టారు. ఆమె తినలేదు. కొంగు చివర ముడేసుకుంది. ఇంటికొచ్చాక మా చిన్నదాన్ని పిలిచి ముడి విప్పి నోట్లో పెట్టింది. చిన్నప్పుడు మా ఆయనకి అలాగే బిస్కెట్లు తెచ్చేదట.

నాకు వచ్చిన ప్రశ్న ఇది. నమ్మడం అంటే నేను నమ్ముతున్నానని తెలిసి ఉండడమైతే మా అత్తయ్యకి ఇప్పుడు రక్షణ లేనట్టేనా? జబ్బు దాన్ని కూడా తీసుకుపోయిందా? వార్డులో చివరి గంటల్లో నేను చూసినవాళ్లలో పాటలు పాడుతూ పోయినవాళ్లున్నారు. జీవితమంతా సాక్ష్యం చెప్పి చివర్లో భయంతో నా చెయ్యి వదలనివాళ్లూ ఉన్నారు. భయపడ్డవాళ్లు ఓడిపోయారని నేను అనుకోలేను.

అగ్గి_ప్రార్థన
సిస్టర్, లోపల సాక్ష్యం ఉంటుందని నేనే రాశాను. మీ అత్తయ్య విషయంలో దానికి జవాబు నా దగ్గర లేదు. ఇంటివాళ్లందరి కోసం ప్రార్థిస్తాను.

సీ_షిఫ్ట్
కొంగు ముడి దగ్గర ఆగిపోయాను. మత్తయి 25లో తీర్పు రోజున ప్రభువు కుడివైపు నిలబెట్టిన గొర్రెలకి, అంటే నీతిమంతులకి కూడా, ఏమీ తెలీదు కదా. "ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగొనియుండుట చూచి" అని వాళ్లే ఆశ్చర్యపోతారు.

చందనం_చెట్టు
నేను క్రైస్తవుణ్ణి కాను, సింహాచలం వాణ్ణి. ఆఫీసులో స్నేహితుడు ఈ చర్చ చూపించాడు. దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి.

మా శ్రీవైష్ణవుల్లో ఇదే తగువు వందల ఏళ్లుగా ఉంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లి పొట్టని పిల్లే గట్టిగా పట్టుకోవాలి, వదిలితే పడుతుంది. పిల్లికూనకి ఏ పనీ లేదు, తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. శరణాగతిలో జీవుడి ప్రయత్నం కొంత ఉండాలని వడగలై వాళ్లు, ఏమీ అక్కర్లేదని తెంగలై వాళ్లు. తిలకం దిద్దుకోవడం దగ్గర్నుంచి తేడాలే. మీ ప్రశ్న విన్నాక నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది. కూనకి తేదీ తెలుస్తుందా? కళ్లు కూడా తెరవదు.

అగ్గి_ప్రార్థన
మంచి ఉదాహరణే గానీ రెండూ కలపకూడదు. మనది వేరు.

పేతురు_కోడి
ఎవరూ కలపడం లేదండీ, పిల్లి మాత్రం అందరిదీ. యోహాను 10:28 "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు". అది పిల్లే.

ఇదిగో_నీళ్లు
ఫిలిప్పీ 2:12 "భయముతోను వణకుతోను మీ సొంతరక్షణను కొనసాగించుకొనుడి". ఇది కోతి.

గుంటూరు_అల్లుడు
అడ్మిన్ గారి మాట వినండి, కింద 13 చదవండి. కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే అని ఉంది. కోతి వాక్యం వెనకే పిల్లి వాక్యం.

కంచరపాలెం_కుర్రోడు
రేపు మా పాస్టర్ గారి దగ్గర "మీరు కోతా, పిల్లా" అని అడిగి బయటికి గెంటించుకుంటాను.

పోర్టుక్వార్టర్స్_చిన్నోడు
అందరి పోస్టులూ రాత్రి వరండాలో నాన్నకి చదివి వినిపించాను. రెండున్నర దాటింది. ఆయన అడిగినవి వరసగా రాస్తున్నాను.

"ఆ చీటీ అబ్బాయికి డబ్బు వచ్చిందా? రసీదులు ఉంచుకున్నాడా?"

"ఆ నర్సమ్మ అత్తగారికి వయసెంత?" తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పిల్లి సంగతికి నవ్వారు. నెల తర్వాత నవ్వడం.

ముంచుడు గురించి ఆయనే ఒక మాట అన్నారు, నాకిదివరకు తెలీదు. ఆయన పుట్టిన మూడో నెలలో జ్వరం వచ్చి బతకడనుకున్నారట. మా నాన్నమ్మ వానలో గొడుగు లేకుండా ఎత్తుకుని వన్‌టౌన్‌లో చర్చికి తీసుకొచ్చి బాప్తిస్మం ఇప్పించిందట. "ఇప్పుడు నేను మళ్లీ మునిగితే ఆ రోజు అమ్మ చేసింది ఉత్తిదని అమ్మతో చెప్పినట్టు కాదా?" అన్నారు. నాకేం చెప్పాలో తెలీలేదు.

సీ_షిఫ్ట్
రసీదులు ఉన్నాయని చెప్పండి. డబ్బు రాలేదు.

ఇదిగో_నీళ్లు
@పోర్టుక్వార్టర్స్ నా నమ్మకం మారలేదు, బాప్తిస్మం విషయంలో నేను చెప్పిందే చెప్తాను. కానీ మీ నాన్నగారిని ఇప్పుడు నీళ్లలోకి దిగమని మాత్రం అనను. భయంతో దిగేది విశ్వాసంతో దిగినట్టు కాదు. సీ_షిఫ్ట్ గారు అడిగినదానికి కూడా ఇదే నా జవాబు అనుకోండి. తేదీ అడగడం తప్పు. బతికున్నవాణ్ణి ఊపిరి ఉందా అని చూస్తాం గానీ బర్త్ సర్టిఫికెట్ అడగం.

నాలుగుసార్లు_రక్షణ
పింఛను ఆఫీసులో రెండూ అడుగుతారు.

గుంటూరు_అల్లుడు
పెద్దాయనకి ఇంకొకటి చెప్పండి. కూపర్ అని ఇంగ్లీషు కవి, రక్తపు ఊట గురించి ఆయన రాసిన కీర్తన ఇప్పటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. ఆ మనిషి 1773 నుంచి 1800లో పోయేదాకా దేవుడు తనని తోసేశాడనే అనుకుంటూ బతికాడు. జబ్బు మనసు. ఆయన పాటతో ఎంతమంది ధైర్యంగా పోయారో ఆయనకి తెలీదు. నిశ్చయత లేకపోవడం, విశ్వాసం లేకపోవడం ఒకటి కాదు.

వార్డు_రాత్రి
నాన్నగారికి నిద్ర లేకపోతే డాక్టర్‌కి కూడా చూపించండి. బీపీ మందులు వేళకి పడుతున్నాయా? అత్తయ్యకి డెబ్బై తొమ్మిది అని చెప్పండి.

పోర్టుక్వార్టర్స్_చిన్నోడు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. డాక్టర్‌కి చూపించాం, మాత్ర మార్చారు.

అసలు సంగతి వేరే. శనివారం నాన్న వన్‌టౌన్ తీసుకెళ్లమన్నారు, బాప్తిస్మాల రిజిస్టరు చూడ్డానికి. చర్చి బీరువాలో ఉంది, పెద్ద పుస్తకం, అట్ట ఊడిపోయింది. అయ్యగారు టేబుల్ మీద గుడ్డ పరిచి దాని మీద పెట్టారు. నాన్న చూపుడువేలు కాగితానికి తగలకుండా గాల్లో ఒక్కో వరస దింపుకుంటూ పోయారు, టాలీ షీటు చూసినట్టే. నాలుగో పేజీలో దొరికింది. ఆయన పేరు, తాతయ్య పేరు, నాన్నమ్మ పేరు, తాతయ్య వృత్తి "కళాసీ". చిలకరించిన అయ్యగారి సంతకం. తేదీ ఉండాల్సిన గడిని చెదపురుగు తినేసింది. ఆ పేజీలో ఎడమవైపు గడులన్నీ అంతే, కిందిదాకా ఒక బొరియ.

నేను ఆయన మొహం చూశాను, ఎక్కడ కూలబడతారోనని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "పేరు ఉందిరా" అన్నారు. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, రికార్డు ఇలాగేనా ఉంచేది అని ఒక పావుగంట క్లాసు పీకారు. పోర్టులో ఎవరైనా ఇలా ఉంచితే సస్పెండ్ చేసేవాళ్లట.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వెళ్తున్నారు. కొత్త లాంగ్‌బుక్కు కొని మొత్తం తిరగరాస్తున్నారు. తేదీ పోయినచోట గీత గీసి పేరు రాస్తున్నారు. రాత్రి రెండింటికి లేవడం మాత్రం మానలేదు. నిన్న లేచి చూస్తే లైటేసుకుని మర్నాటి పేజీలకి రూళ్లు గీస్తున్నారు.

కంచరపాలెం_కుర్రోడు
బీరువాలో వేపాకు పెట్టమనండి. మా నాన్నమ్మ పట్టుచీరలకి అదే.

రాస్‌హిల్_మెట్లు
లవంగాలు కూడా.

ఇదిగో_నీళ్లు
ఆ రిజిస్టరు ఏ సంవత్సరాలది? మా నాన్నకీ వన్‌టౌన్‌లోనే చిలకరించారని మా అత్త అనేది. 1952, 53 ప్రాంతం. ఒకసారి చూడమంటారా?

పోర్టుక్వార్టర్స్_చిన్నోడు
పేరు, తాతగారి పేరు పంపండి. చూస్తానన్నారు. తేదీకి మాత్రం గ్యారంటీ లేదంటున్నారు.